సుత్తి చెయ్యి దాటాక

1965 మే 9, ఆదివారం మధ్యాహ్నం. న్యూయార్క్ కార్నెగీ హాల్లో ఉన్న దాదాపు 2,800 కుర్చీలూ నిండిపోయాయి. పన్నెండేళ్లుగా జనం ముందు పియానో వాయించని వ్లాదిమిర్ హోరోవిట్జ్ ఆ పూట మళ్లీ వేదిక ఎక్కాలి. టికెట్ల కోసం రాత్రంతా వీధిలో వరుస కట్టినవాళ్లకి ఆయన భార్య వాండా కాఫీ ఇప్పించింది. తీరా వేళయ్యాక అరవై ఒక్కేళ్ల విద్వాంసుడు వేదిక పక్కనే నిలబడిపోయాడు. అడుగు పడలేదు. దగ్గరే ఉన్న మిత్రుడు షైలర్ చాపిన్, ఆయన వీపు మీద చెయ్యి వేసి మెల్లగా ముందుకు తోశానని తర్వాత చెప్పుకున్నాడు.

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అవి సద్దుమణిగాక, బాఖ్ ఆర్గన్ కోసం రాసినదాన్ని బుసోని పియానోకి మార్చిన టొకాటా ఎత్తుకున్నాడు. ఎత్తుగడలోనే వేళ్లు తప్పు మెట్ల మీద పడ్డాయి.

ఆ అపస్వరం ఎవరిది?

వేళ్లు ఎవరివో తప్పూ వాళ్లదేనని తేల్చెయ్యవచ్చు. పియానో కడుపులోకి తొంగి చూస్తే మాత్రం అంత ధైర్యంగా చెప్పబుద్ధి కాదు. మెట్టు నొక్కితే అది ఇంచుమించు పది మిల్లీమీటర్లు దిగుతుంది. అవతల ఫెల్టు తొడిగిన సుత్తి తీగ వైపు లేస్తుంది. తీగ ఇంకా ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉందనగా సుత్తికీ మెట్టుకీ ఉన్న లంకె వీడిపోతుంది. ఆ మిగిలిన కాస్త దూరం సుత్తి తన ఊపు మీద తానే పోయి, తీగని తాకి వెనక్కి పడుతుంది. లంకె వీడకపోతే సుత్తి తీగని అదిమిపట్టి నాదాన్ని పుట్టగానే నొక్కేస్తుంది. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో క్రిస్టోఫోరి కనిపెట్టిన కిటుకు ఇది. ఆయన 1720లో చేసిన పియానో ఒకటి ఈ కార్నెగీ హాలున్న ఊళ్లోనే, మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

అంటే, ఎంతటి విద్వాంసుడికైనా నాదం పుట్టే క్షణంలో సుత్తి మీద అధికారం లేదు. వైణికుడు మీటిన తర్వాత కూడా తీగని లాగి గమకం పలికిస్తాడు. వయొలిన్ కమాను స్వరాన్ని చివరిదాకా మోస్తుంది. పియానో స్వరాన్ని ఎప్పుడు తుంచాలో, పెడల్ తొక్కి ఎంతసేపు నిలపాలో వాయించేవాడి ఇష్టమే కానీ, దాన్ని వంచడానికి వీల్లేదు. మన సంగీతం విన్న చెవులు పియానో అనగానే పెదవి విరిచేది ఇక్కడే. పెదవి విరిచేముందు గీత పద్దెనిమిదో అధ్యాయం ఒకసారి తెరిస్తే బాగుంటుంది.

ఏ పని జరగడానికైనా కృష్ణుడు అక్కడ ఐదు కారణాలు లెక్కపెడతాడు. అధిష్ఠానం, కర్త, కరణాలు, వేర్వేరు చేష్టలు, ఐదోది దైవం. ఇన్ని ఉండగా తానొక్కడే కర్తననుకునేవాడికి చూపు సరిగా లేదని కూడా అంటాడు. అధిష్ఠానమంటే శరీరమని శంకరుల భాష్యం. కార్నెగీ హాల్ని ఆ మాటలోకి లాగడం కొంచెం చొరవే. అయినా మైకు లేకుండా తొమ్మిదడుగుల పియానో గొంతుని పై అంతస్తు చివరి వరుసకి చేరవేసేవి ఆ గోడలూ పైకప్పే కాబట్టి, భాష్యకారులు క్షమిస్తారనుకోవాలి. వీపు మీద పడ్డ చాపిన్ చేతిని మాత్రం ఈ ఐదింటిలో ఏ ఖాతాలో రాయాలో!

బాగా కుదిరితే నా విద్య, చెడితే దైవలీల అనుకోవడం మనకి అలవాటే. గీత అందుకు తావివ్వదు. కర్తని కొట్టెయ్యలేదు, ఐదుగురిలో ఒకణ్ణి చేసి కూర్చోబెట్టింది. సాధన అతని వాటా. తిరిగి వేదికెక్కేముందు హోరోవిట్జ్ ఖాళీ కార్నెగీ హాల్లో కూర్చుని వాయించి చూసుకున్నాడు. ఆ వాటాలో ఆయన బాకీ పడలేదు.

పియానో లోకం మొదట్నుంచీ ఆ ఒక్క వాటానే ఊరేగించింది. సాయంత్రమంతా ఒక్కడే వాయించే పద్ధతికి దారి వేసిన ఫ్రాంజ్ లిస్ట్, 1839లో ఒక ఉత్తరంలో కచేరీ అంటే తానేనని హాస్యంగా రాసుకున్నాడు. ఆ పద్ధతికి రిసైటల్ అన్న పేరు 1840లో లండన్‌లో పడింది. జనం ఆయన కోసం ఎంత వెర్రెత్తిపోయారంటే, కవి హైనే 1844లో ఆ వెర్రికి లిస్టోమానియా అని పేరు పెట్టాడు. అదే లిస్ట్ 1847లో, ముప్పై ఐదేళ్లకే, డబ్బు తీసుకుని కచేరీలు చెయ్యడం మానేశాడు. 1865లో రోమ్‌లో క్యాథలిక్ చర్చి తొలి మెట్టు దీక్షలు తీసుకుని నల్లంగీ తొడిగాడు.

ఇరవయ్యో శతాబ్దపు రష్యన్ పియానో విద్వాంసుడు రిక్టర్ ఇంకో దారి పట్టాడు. చివరి సంవత్సరాల్లో హాలంతా చీకటి చేయించి, స్వరాల పుస్తకం మీద ఒక చిన్న దీపం మాత్రం ఉంచుకుని వాయించేవాడు. వాయించేవాడి ముఖం, చేతులు చూసి ఎవరికేం లాభం, వినవలసింది రచనని కదా అన్నది ఆయన వాదం. తమాషా ఏమిటంటే, ఆ చీకటే ఆయన చుట్టూ ఇంకో కాంతివలయం అయింది. అహంకారాన్ని వెళ్లగొట్టబోతే అది వేషం మార్చుకుని వెనక గుమ్మంలోంచి వచ్చినట్టుంది. ఆయన నిజాయితీని శంకించనక్కర్లేదు, దీపం పెట్టినా తీసినా జనం అటే చూస్తారు.

కెనడా పియానో విద్వాంసుడు గ్లెన్ గౌల్డ్ గొడవే వదిలించుకున్నాడు. 1964 ఏప్రిల్ 10న లాస్ ఏంజెలిస్‌లో వాయించాక మళ్లీ కచేరీ వేదిక ఎక్కలేదు. అప్పటికి వయసు ముప్పై ఒకటి. స్టూడియోలో ఎన్నిసార్లైనా వాయించి, నచ్చిన ముక్కలు అతికించుకోవచ్చు. ఒకరకంగా ఐదో కారణాన్ని గది బయట నిలబెట్టి తలుపు వేసుకోవడమే అది.

హోరోవిట్జ్ కచేరీ రికార్డుగా వచ్చినప్పుడు కూడా కొన్ని తప్పుల్ని సరిదిద్దే విడుదల చేశారు. 2003లో, దిద్దకుండా, జరిగింది జరిగినట్టు మరోసారి విడుదలైంది. అప్పటికి ఆయన పోయి పద్నాలుగేళ్లు. జనం తప్పుల్ని కూడా అడిగి కొనుక్కున్నారు.

గీత చెప్పిన ఐదింటిలో వినేవాడి ఊసు లేదు. ఆలంకారికుడు అభినవగుప్తుడి లెక్క వేరు, ఆయన రసాన్ని సహృదయుడి లోపలే వెతికాడు. 1965 నాటి కచేరీ చివర్లో హోరోవిట్జ్ షూమన్ రాసిన ‘ట్రాయ్‌మెరై’ వాయించాడు. పియానో నేర్చుకునే పిల్లలు కూడా వాయించే చిన్న రచన. 1986 ఏప్రిల్ 20న, సోవియట్ దేశం విడిచిన అరవై ఒక్కేళ్లకి, మాస్కో కన్సర్వేటరీ పెద్ద హాల్లో మళ్లీ అదే వాయించాడు. అప్పుడు తీసిన చిత్రంలో కెమెరా కాసేపు వేదికని వదిలి జనం వైపు తిరుగుతుంది. ఒక పెద్దాయన కదలకుండా కూర్చుని ఉంటాడు. చెంప మీదకి ఒక కన్నీటి చుక్క జారుతుంది. ఆయన దాన్ని తుడుచుకోడు.