గోడలో దాగిన అమానత్

శ్రీకాకుళం జిల్లా భావనపాడు తీరాన, మూలపేట వద్ద, 2023 ఏప్రిల్ 19న కొత్త ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. అదే తీరం వెంట దక్షిణంగా వెళితే, వంశధార సముద్రంలో కలిసేచోట కళింగపట్నం ఉంది. ఒకప్పుడు పేరున్న ఆ రేవుకు ఇప్పుడు సరుకు ఓడలు రావు.

సిమెంటు రాకముందు రేవులూ, గిడ్డంగులూ, మస్జిదులూ సున్నంతోనే నిలిచాయి. తీరప్రాంతాల్లో ఆల్చిప్పలు, నత్తగుల్లలు ఏరి బట్టీలో కాల్చేవారు. సరిగా కాలని గుల్ల గోడను పట్టి ఉంచదు. మితిమీరి కాలినది ఆలస్యంగా నీరు పీల్చి, గోడ కట్టాక ఉబ్బి పెచ్చులు రాలుస్తుంది. ఆ లోపం బయటపడేనాటికి బట్టీవాడు తన డబ్బు తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు. కట్టెలు ప్రియమైన రోజున మంట కాస్త తగ్గిస్తే అతని పిల్లలకు ఒక పూట తిండి మిగులుతుంది.

పాఠకులారా! పట్టుబడే భయం లేనప్పుడు అతడు మంట ఎందుకు తగ్గించకూడదు?

పేరు కోసమా? 1641లో శ్రీకాకుళం జామియా మస్జిద్ కట్టించిన షేర్ ముహమ్మద్ ఖాన్ పేరు చరిత్రలో ఉంది. సున్నం కాల్చినవారి పేరు ఒక్కటీ లేదు. పని శాశ్వతంగా నిలుస్తుందనా? రేవులే కనుమరుగయ్యాయి.

ఇక మిగిలిన కారణం ఒక్కటే: ఆ గోడ పక్కన నిద్రించే మనిషి హక్కు. అతడెవరో తెలియకపోయినా అతని హక్కు మన చేతిలో అమానత్. కొలతల్లో మోసగించేవారిని హెచ్చరిస్తూ దివ్యఖుర్ఆన్‌లో ఒక సూరాయే ఉంది, 83వ సూరా అల్ ముతఫ్ఫిఫీన్. త్రాసులో తగ్గించినదే కాదు, గోడలో దాచినదీ తక్కువ తూకమే.

ఈరోజు మన చేతిలోని పని రేపు ఎవరి గోడ అవుతుందో మనకు తెలియదు. అల్లాహ్‌కు తెలుసు.