ప్రదర్శనశాల – పొదుపు ధర్మం

ప్రజాధనంతో నిర్మించిన ప్రదర్శనశాల తనలోని వస్తువులతోపాటు తన నడవడిని కూడా ప్రజల ముందు ఉంచుతుంది. నిరాడంబరతను బోధించే పత్రాలను పట్టపగలు దీపాలు వెలిగించిన అద్దాల మేడలో చూపితే, ఆ బోధను భవనమే ఖండించినట్లవుతుంది. కనుక విద్యుత్తునూ నీటినీ పొదుపు చేయడం ఇంజనీర్ల లెక్కలకే పరిమితమైన విషయం కాజాలదు.

అహమ్మదాబాదులోని సబర్మతీ ఆశ్రమం ఈ సందర్భంలో స్మరణీయం. గాంధీజీ 1917 నుండి 1930 వరకు నివసించిన ఆ ఆవరణలో గాంధీ స్మారక సంగ్రహాలయాన్ని 1963లో నెహ్రూ ప్రారంభించారు. దాని రూపశిల్పి చార్లెస్ కొరియా 1930లో సికింద్రాబాదులో జన్మించినవారు. ఇటుక స్తంభాలు, రాతి నేల, కొయ్య తలుపులు, పెంకు కప్పు – ఇవే ఆయన ఎంచుకున్న సామగ్రి. కిటికీలకు గాజు లేదు. తెరిచి మూయదగిన కొయ్య రెక్కల గుండా గాలీ వెలుతురూ ప్రవేశిస్తాయి. ఆరు మీటర్ల చదరాలుగా అమర్చిన భాగాలలో కొన్నిటికి గోడలున్నాయి, కొన్ని ఆరుబయలుగా ఉన్నాయి. నడుమ ఆకాశం కింద ఒక నీటి కొలను. కప్పు బరువును మోసే కాంక్రీటు దూలాలే కాలువలై వాననీటిని కూడా మోసుకుపోతాయి.

అయితే ఒక ఆక్షేపణ ఉంది. పాత కాగితానికి ఎండ, తేమ, దుమ్ము శత్రువులు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే నగరంలో నేటి పొదుపు రేపటి పాఠకునికి నష్టం కాదా? వారసత్వాన్ని బలిపెట్టే పొదుపు ధర్మం అనిపించుకోదు. వృద్ధులను, రోగులను ఎండకు వదిలేసే పొదుపూ అంతే.

ఇక్కడే వివేచన అవసరం. మూలప్రతులకు స్థిరమైన చల్లదనం కావాలి. దానికి దళసరి గోడల చిన్న గది చాలు. నడిచి చూసే సందర్శకునికి నీడ, గాలి, కూర్చునే చోటు, తాగునీరు కావాలి. ఈ రెండు అవసరాలనూ వేరుచేయకుండా భవనమంతటినీ ఒకే ఉష్ణోగ్రతకు దించడం ఆలోచించే శ్రమను తప్పించుకోవడమే. దాని మూల్యం ఆ భవనంలో ఎన్నడూ అడుగుపెట్టని వారిపైన కూడా పడుతుంది. ఆశ్రమం చెంతనున్న సబర్మతిలో నేడు కనిపించే నీరు చాలావరకు కాలువ ద్వారా వచ్చిన నర్మదా జలమే. నగరం వాడుకునే ప్రతి బిందువుకూ దూరాన మరొక హక్కుదారు ఉన్నాడు.

సంపద కలవాడు దానికి ధర్మకర్త మాత్రమేనని గాంధీజీ భావించారు. ప్రభుత్వ సంస్థకు ఈ భావన మరింతగా వర్తిస్తుంది. ఒక ప్రణాళికపై సంతకం చేసే ముందు అధికారి ప్రతి గది విషయంలోనూ రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఈ చల్లదనం ఎవరి కోసం? దీని ఖర్చు ఎవరు భరిస్తున్నారు?