దైవం ఐదోది

విశాఖపట్నం ఆశీలుమెట్ట దగ్గరి సంపత్ వినాయకుడి గుడి ముందు వాహనాల వరస తెగదు. షోరూమ్ నుంచి నేరుగా వచ్చిన కార్లు, చేతులు మారిన కార్లు, కొత్త ఆటోలు అన్నీ అక్కడికే వస్తాయి. బానెట్ మీద పసుపు కుంకుమలు, అద్దానికి దండ, కొబ్బరికాయ, హారతి. చివరగా నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి బండిని ముందుకు కదిలిస్తారు. కాయలు చితికితే దిష్టి పోయినట్టు. వాటిలో కొన్ని బండ్లు ఆ వారాంతానికే శృంగవరపుకోట మీదుగా అరకు దారి పడతాయి.

ఆ దారి పట్టే కార్లలో సెకండ్ హ్యాండ్ అల్లాయ్ చక్రాలు బిగించుకున్నవీ ఉంటాయి. కొత్త సెట్టు ధర విని వెనక్కి తగ్గినవాళ్లు పాతవి వెతుక్కోవడంలో తప్పేమీ లేదు. అమ్మేవాడు ‘నాలుగు బోల్టులే కదండీ, అన్ని చిన్న కార్లకూ పడతాయి’ అంటాడు. కొన్నవాడు సరేనని బిగించుకుని, పూజ చేయించి, కొండెక్కుతాడు. చక్రం కింద నిమ్మకాయ పెట్టిన మనిషి, ఆ చక్రం తన కారు ఇరుసు చివర దాన్ని మోసే హబ్ మీద సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోకపోతే, దేవుడి మీద వేసిన ఆ భారాన్ని భక్తి అనవచ్చా?

ప్రశ్న చక్రాలది కాబట్టి చిన్నదనిపించవచ్చు. కానీ మన శాస్త్రాలు దైవాన్నీ పురుషకారాన్నీ చర్చించేటప్పుడు చక్రం దగ్గరికే వచ్చాయి. ఒంటి చక్రంతో రథం నడవనట్టే, మనిషి ప్రయత్నం లేకుండా దైవం ఫలించదని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతుంది. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఇంకాస్త వివరంగా వెళ్తుంది. ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు కావాలని చెప్పి, ఆశ్రయం, కర్త, సాధనం, రకరకాల ప్రయత్నాలు అని నాలుగింటిని లెక్కపెట్టి, ఐదోదిగా దైవాన్ని చెబుతుంది. మొదటి నాలుగింటిలో మనిషి చూసుకోవలసినది చాలా ఉంది. దైవానికి చోటు లేదని గీత అనలేదు. మిగిలిన నాలుగూ వదిలేసి ఐదోదాన్ని పిలవమనీ అనలేదు.

మరి చక్రం విషయంలో మనిషి వంతు ఎంత?

మొదటిది బోల్టుల వలయం. మెకానిక్కులు దాన్ని పీసీడీ అంటారు. నాలుగు రంధ్రాల రిమ్ములో ఎదురెదురు రంధ్రాల మధ్యబిందువుల దూరం కొలిస్తే అది తెలుస్తుంది. మన రోడ్ల మీది స్విఫ్ట్, హోండా సిటీ రెండింటికీ అది 100 మిల్లీమీటర్లు. ఒకప్పుడు మన దగ్గర అమ్మిన ఫియట్ పాలియోకు 98. తేడా రెండు మిల్లీమీటర్లే. పాలియో రిమ్మును స్విఫ్ట్‌కు గట్టిగా బిగిస్తే ఎక్కినట్టే కనిపిస్తుంది. కానీ హబ్‌కు ఉండే బోల్టులు, అంటే స్టడ్లు, ఓ పక్కకు లాగబడతాయి, నట్లు తమ గుంటల్లో పూర్తిగా కూర్చోవు, నడిచేకొద్దీ వదులవుతాయి.

పీసీడీ కలిసినా పని పూర్తికాదు. స్విఫ్ట్ రిమ్ము మధ్య రంధ్రం 54.1 మిల్లీమీటర్లు, సిటీ హబ్ 56.1. అంటే స్విఫ్ట్ రిమ్ము సిటీకి ఎక్కనే ఎక్కదు. సిటీ రిమ్ము స్విఫ్ట్‌కు ఎక్కుతుంది గానీ చుట్టూ సందు మిగులుతుంది. ఆ సందును సరైన కొలత రింగుతో పూడ్చకపోతే చక్రం కేంద్రం తప్పి, వేగం పెరిగినప్పుడు స్టీరింగ్ వణుకుతుంది. ఈ రెండు కార్ల నట్లు కూడా ఒకటి కావు. రెండూ 12 మిల్లీమీటర్ల స్టడ్డే అయినా, మరల మధ్య దూరం సుజుకీలో 1.25, హోండాలో 1.5. నట్టు మొదట చేత్తోనే తేలిగ్గా తిరగాలి. స్పానర్‌తో బలవంతం చేయవలసి వచ్చిందంటే అది ఆ స్టడ్డుది కాదు. నట్టు కూర్చునే భాగం శంకువులా ఉందా, గుండ్రంగా ఉందా అన్నదీ రిమ్ములోని గుంటతో కలవాలి.

రిమ్ము మీద ఈటీ అనే అక్షరాల పక్కన ఉండే అంకె ఆఫ్‌సెట్. అది తగ్గితే చక్రం బయటికి పొడుచుకొచ్చి బేరింగు మీద భారం పెరుగుతుంది, పెరిగితే లోపల సస్పెన్షన్‌కు తగలవచ్చు. ఊళ్లో తిన్నగా నడిపితే ఈ తగులుడు తెలియకపోవచ్చు. ఘాట్ మలుపులో స్టీరింగ్ చివరిదాకా తిప్పి, ఐదుగురు కూర్చుని, బరువంతా బయటి చక్రం మీదికి ఒరిగినప్పుడు బయటపడుతుంది. అందుకే బండి నిండా మనుషుల్ని కూర్చోబెట్టి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడాలి. ఒక్కో రిమ్ము మోయగల బరువు సాధారణంగా దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. ఒక ఇరుసు మీద పడే గరిష్ఠ భారంలో సగానికి అది తగ్గకూడదు. టైరు మారినా మొత్తం వ్యాసం మారకూడదు: 185/65 ఆర్15 టైరు వ్యాసం 621.5 మిల్లీమీటర్లు, 195/55 ఆర్16 వ్యాసం 620.9. ఇలా దగ్గరగా ఉంటే స్పీడోమీటరు సరిగ్గానే చూపిస్తుంది.

ఈ కొలతల వెనక ఓ పాత తాత్విక చర్చ ఉంది. బావికొండ, తొట్లకొండ, బొజ్జన్నకొండ ఆరామాలు వెలసిన విశాఖ ప్రాంతానికి బౌద్ధ తర్కం పరాయిది కాదు. పాళీ గ్రంథం మిళిందపన్హలో నాగసేన భిక్షువు మిళింద రాజును రథం అంటే ఏమిటని నిలదీస్తాడు. ఇరుసా? చక్రాలా? నొగలా? ఏ ఒక్కటీ రథం కాదని, అవన్నీ ఒకదాన్నొకటి ఆనుకున్నప్పుడే రథమని పిలుస్తామని తేలుస్తాడు. ‘ఇది మంచి రిమ్ము’ అనే మాటకు కూడా విడిగా అర్థం లేదు. ఏ హబ్‌కు, ఏ నట్టుకు, ఎంత బరువుకు అన్నది చేరితేనే ఆ మంచి నిలుస్తుంది. మెరుపు రిమ్ముదే గానీ, మంచితనం పొందికది.

సెకండ్ హ్యాండ్ వస్తువుకు ఇంకో చిక్కు ఉంది. దాని గతం కొన్నవాడికి కనిపించదు. స్టీలు రిమ్ము గుంతలో పడితే చాలావరకు వంగుతుంది, అల్లాయ్ పగలవచ్చు. పగిలినదాన్ని వెల్డింగ్ చేసి, రంగు వేసి అమ్మితే బయటి ముఖం కొత్తగానే ఉంటుంది. ఇక్కడ న్యాయదర్శనం పనికొస్తుంది. అది ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు ఒప్పుకుంటుంది. శబ్దమంటే ప్రతివాడి మాటా కాదు, ఆప్తుడి మాట. విషయం స్వయంగా తెలిసి, తెలిసింది తెలిసినట్టు చెప్పాలనుకునేవాడే ఆప్తుడని భాష్యకారుడు వాత్స్యాయనుడు వివరిస్తాడు. ఋషి అయినా, మ్లేచ్ఛుడైనా ఈ లక్షణం ఒకటేనంటాడు. అమ్ముకోవాలనే ఆత్రం ఉన్నవాడి మాట ఆ పరీక్షకు నిలవకపోవచ్చు. రిమ్మును బ్యాలెన్సింగ్ యంత్రం మీద తిప్పి, ఒంకర చూపించి, ‘ఇది వద్దండీ’ అనే టైర్ల షాపు కుర్రాడి మాట నిలుస్తుంది. చదువు, కులం, అంతస్తు అక్కడ అడ్డురావు. ఆ తర్వాత ప్రత్యక్షం ఉండనే ఉంది: టైరు విప్పించి, రిమ్ము లోపలి అంచు తుడిచి, వెలుతురులో వేలు పెట్టి చూడటం.

నా బండి, నా ప్రాణం, నా ఇష్టం అనుకునేవాళ్లకు ఘాట్ రోడ్డు ఒప్పుకోదు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకుకు ఆ దారి మలుపులు తిరుగుతూ ఎక్కుతుంది. ఓ పక్క కొండ, ఓ పక్క లోయ. 2021 ఫిబ్రవరిలో ఆ దారిలోని డముకు దగ్గర పర్యాటకుల బస్సు లోయలో పడి మనుషులు చనిపోయారు. దానికీ అల్లాయ్ చక్రాలకూ సంబంధం లేదు. అయినా ఆ మలుపుల్లో ఒక బండి అదుపు తప్పితే ఏమవుతుందో అది చూపించింది. ఎదురుగా వచ్చేది సంతకు వెళ్లే గిరిజనులతో నిండిన జీపు కావచ్చు. పర్యాటకుడి మోజులో వాళ్లకు వాటా లేదు. అతను చూసుకోకపోతే నష్టంలో మాత్రం వాటా పడుతుంది. కాబట్టి ఈ పరీక్ష జాగ్రత్తపరుడి అలవాటుగా మిగిలిపోకూడదు. అది ఇతరుల పట్ల ధర్మం.

పూజ చేశాక మళ్లీ పరీక్షించడం అపనమ్మకమని కొందరు భక్తులు నొచ్చుకుంటారు. మన్యం వాళ్ల ఆచారం వేరే చెబుతుంది. చైత్రంలో వచ్చే ఇటుకల పండుగకు అరకు, పాడేరు వైపు గిరిజనులు ఊరి దేవత ముందు విత్తనాలు పెట్టి పూజ చేయించాకే విత్తుకు పూనుకుంటారు. ఆ విత్తనాలు నిరుటి పంటలో ఏరి, ఎండబెట్టి, పురుగు పట్టకుండా దాచుకున్నవి. తాలు గింజలు తెచ్చి దేవతనే మొలిపించమని వాళ్లు అడగరు. ఏరడం, మొక్కడం రెండూ ఒకే సేద్యంలో భాగాలు. దాన్ని అపనమ్మకమని ఎవరూ అనలేదు.

అల్లాయ్ చక్రాలు కొత్తగా బిగించాక 80 నుంచి 100 కిలోమీటర్లు నడిచి నట్ల బిగువు మళ్లీ చూడాలి. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. బిగించిన రోజే బయల్దేరితే ఆ సరిచూసే వేళ ఘాట్ మలుపుల మధ్యలో వస్తుంది. కాబట్టి ముందు ఊళ్లోనే అంత దూరం నడపండి, టార్క్ రెంచితో నట్లు సరిచూపించండి, తర్వాతే కొండ దారి పట్టండి. దసరా ఆయుధపూజకు కారు కడిగే రోజున చక్రాలు విప్పించి లోపలి వైపూ చూడండి. ఒక్క రిమ్ము మీద అనుమానం ఉన్నా కంపెనీ ఇచ్చిన స్టీలు చక్రాలే తిరిగి వేసుకోండి. నిమ్మకాయలు ఆ తర్వాత పెట్టండి.