కొండకు తేలిక మూట



మందసకు ఆవల, ఒడిషాలో నున్న మహేంద్రగిరి 1501 మీటర్ల ఎత్తుగలది. పలాస, టెక్కలి, ఉద్దానములనుండి దానినెక్కబోవు యౌవనులకు మేము చెప్పునదేమనగా, మూటను ఇంటియొద్దనే తూచుడి. దేహపు బరువులో అయిదవ వంతు మించరాదని కొండలెక్కువారి లెక్క. 50 కిలోల మనిషికి 10 కిలోలు.

దావీదు సౌలు కవచము విడిచెను. అయితే వట్టిచేతులతో పోలేదు. కఱ్ఱ, వడిసెల, అయిదు రాళ్లు తీసికొనెను. తేలిక వేరు, లోటు వేరు.

లీటరు నీళ్లు కిలో బరువు. అయినను నీళ్లు విడువకుడి. శిఖరము మన తీరముకంటె ఇంచుమించు 9 డిగ్రీలు చల్లన. చెమటకు తడిసిన నూలుబట్ట త్వరగా ఆరదు గనుక ఉన్నిబట్ట ఒకటి ఉంచుకొనుడి. ఇత్తడి చెంబు, రెండవ దుప్పటి, వంటపాత్రలు ఇంట విడువుడి. అన్నపు క్యారేజీకి బదులు మన జీడిపప్పు, అటుకులు, బెల్లము చాలును.

ఇంత లెక్క ఎందుకు? తన బరువుకే కూలబడువాడు జారిన పొరుగువానికి చెయ్యి అందించలేడు. ఎవని బరువు వాడే మోయవలెననియు, ఒకరి భారము ఒకరు మోయవలెననియు పౌలు గలతీయులకు ఒక్క అధ్యాయములోనే వ్రాసెను. మన మూట మనమే మోయుదము. అలసినవాని మూటకు భుజముమీద చోటుంచుదము. ఆమేన్.