అనిత్య దేహం, పందుంపుల్ల

దేహం అనిత్యమని బోధించిన బౌద్ధమే భిక్షువులకు పందుంపుల్లను అనుమతించింది. పోయేదాన్ని పోషించడం మమకారం కాదా అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. శరీరంలోని ముప్పై రెండు భాగాలను మననం చేసే ధ్యానంలో కేశాలు, రోమాలు, గోళ్ల తర్వాత నాలుగోవి దంతాలు. వాటిపై మోజు వదలడమే ఆ ధ్యానం ఉద్దేశం. భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలోని చుల్లవగ్గ మాత్రం పందుంపుల్ల నమిలితే అయిదు లాభాలంటుంది: కళ్లకు మేలు, నోటి వాసన పోవడం, రుచి తెలియడం, పిత్తకఫాలు ఆహారాన్ని కమ్మకపోవడం, తిండి సహించడం. పుల్ల పొడవు నాలుగు వేళ్ల వెడల్పుకు తగ్గకూడదు, ఎనిమిదికి మించకూడదు.

అనిత్యత అంటే ఏమిటో బెలుం గుహల్లో కంటికి కనిపిస్తుంది. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని ఈ గుహల్లో బౌద్ధ భిక్షువులు నివసించిన ఆనవాళ్లు దొరికాయి. ఇక్కడి 3,229 మీటర్ల దారులను తొలిచింది నీరే. బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాననీరు బలహీనమైన ఆమ్లంగా మారి సున్నపురాతిని కరిగించింది. అలా కరిగిన సున్నమే చుక్కచుక్కగా రాలి, కోటిలింగాల గదిలో లింగాకారాలుగా పేరుకుంది.

నోటిలోనూ కరగడం, పేరుకోవడం రెండూ జరుగుతాయి. పంటిని కప్పే ఎనామెల్ క్యాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాల పొర. పాచిలోని బాక్టీరియా తీపినీ పిండిపదార్థాలనూ ఆమ్లంగా మారుస్తుంది. దానివల్ల పీహెచ్ 5.5 కంటే దిగువకు పడితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. తొలి గుర్తు సుద్దముక్క రంగు మచ్చ. ఆ దశలో జాగ్రత్తపడితే లాలాజలంలోని ఖనిజాలు పంటిని తిరిగి గట్టిపరుస్తాయి. గుంట పడ్డాక మాత్రం అది తనంతట పూడదు, ఎందుకంటే ఎనామెల్‌ను తయారుచేసే కణాలు పన్ను మొలిచేసరికే నశిస్తాయి. ఇక రెండోది పేరుకోవడం: పాచి మీద లాలాజలంలోని ఖనిజాలు పేరుకుంటే గార కడుతుంది. దాన్ని పట్టుకుని పాచి ఇంకా పెరిగి చిగుళ్లు వాస్తాయి, రక్తం కారుతుంది, చివరికి పంటిని పట్టి ఉంచే ఎముక తరుగుతుంది.

చికిత్స నష్టం ఎంత లోతుకు దిగిందన్న దాన్నిబట్టి ఉంటుంది. పుచ్చు పైపైన ఉంటే దాన్ని తొలగించి ఫిల్లింగ్ చేస్తారు. లోపలి గుజ్జుకు చేరితే రూట్ కెనాల్ చేసి, అవసరమైతే పంటికి తొడుగు వేస్తారు. గారను స్కేలింగ్‌తో తీస్తారు. ఊడిన పంటి స్థానంలో బ్రిడ్జి గానీ, కట్టుడు పన్ను గానీ, దవడ ఎముకలో అమర్చిన టైటానియం మరమేకు మీద నిలిచే కృత్రిమ దంతం గానీ పెడతారు.

మమకారం గురించిన ప్రశ్నకు జవాబు మిలిందపన్హ అనే బౌద్ధ గ్రంథంలో ఉంది. దేహం ప్రియం కాని సన్యాసులు దాన్ని ఎందుకు పోషిస్తారని మిలింద రాజు భిక్షువైన నాగసేనుణ్ణి అడుగుతాడు. యుద్ధంలో తగిలిన గాయానికి మందు రాసి కట్టు కట్టేది ఆ గాయం మీద ప్రేమతో కాదు, అది మానడానికి. ధర్మాచరణ సాగడం కోసం చేసే దేహ సంరక్షణ కూడా అలాంటిదేనని నాగసేనుడి సమాధానం. పుచ్చుపంటికి ఇది అక్షరాలా సరిపోతుంది. సలుపుతున్న పన్ను మనసును ధ్యానంలో నిలవనివ్వదు, ఒంటికి పట్టేలా తిననివ్వదు. నిర్లక్ష్యం చేసినవాడి ధ్యాసంతా చివరికి ఆ పంటి మీదే ఉంటుంది. కాబట్టి పంటిని బాగుచేసుకోవడం వైరాగ్యానికి అడ్డు కాదు, తోడు.

అయితే సంరక్షణకూ ఒక మితి ఉంది. ఫ్లోరైడ్ తగుపాళ్లలో అందితే ఎనామెల్‌కు బలం. తాగునీటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటితే అదే చేటు. నల్లగొండ పల్లెల్లో పళ్లపై గోధుమరంగు చారలు, వంగిన ఎముకలు ఆ అతివల్ల వచ్చినవే. అలాంటి మచ్చలకు సిగ్గుపడి నోరు మూసుకునే యువతకు చికిత్సతో తిరిగొచ్చే నవ్వు అలంకారం కాదు, గాయం మానడమే. ఆరోగ్యంగా ఉన్న పళ్లను మరింత తెలుపు కోసం పదేపదే రసాయనాలకు గురిచేయడం మాత్రం మోజు. బుద్ధుడి మధ్యమమార్గం విలాసాన్నీ, దేహాన్ని హింసించుకోవడాన్నీ రెంటినీ విడిచింది. పందుంపుల్లకు రెండు వైపులా కొలత పెట్టిన నియమంలోనూ ఆ మార్గమే కనిపిస్తుంది.