మానుతున్న వేలు

మొన్న కూర తరుగుతుంటే కత్తిపీట మీద వేలు తెగింది. పసుపు అద్ది, గుడ్డపీలిక చుట్టి పనిలో పడిపోయాను. నాలుగో రోజు విప్పి చూస్తే అంచులు దగ్గరికొచ్చి, మధ్యలో సన్నని గులాబీ గీత మిగిలింది. నేను నిద్రపోతున్నా అక్కడ పని ఆగలేదు.

గాయం అంచున ఉన్న చర్మకణాలు, వాటి కింద ఫైబ్రోబ్లాస్టులనే కణాలు, ఖాళీ వైపు పాకుతూ వస్తాయి. ఆ పాకడం ఎలా ఉంటుందో ఇంగ్లండులో మైకేల్ అబర్‌క్రాంబీ, ఆయన సహచరులు ఓపిగ్గా కొలిచి 1970లో ప్రకటించారు. కణం ముందంచు తిన్నగా సాగిపోదు. కాస్త చాచుకుంటుంది, కాస్త ముడుచుకుంటుంది, మళ్లీ చాచుకుంటుంది. మొత్తం మీద చాచినది ముడిచినదానికంటే కొంచెం ఎక్కువ. ఆ కొంచెమే దాని ప్రయాణం. గంటంతా పాకినా మిల్లీమీటరులో పదో వంతు దాటదు.

లోపల ఆక్టిన్ పోగులు పెరుగుతూ అంచును ముందుకు తోస్తాయి. కింద పట్టు దొరికితే అంచు నిలుస్తుంది. దొరకకపోతే అలలా పైకి లేచి వెనక్కి మళ్లుతుంది. ఇక వెనక భాగం తన పాత పట్టు వదిలితేనే కణమంతా ముందుకు జరిగేది.

ఇది చదివినప్పుడు నువ్వే గుర్తొచ్చావు. నిన్న ధైర్యంగానే ఉన్నావు. ఈ పొద్దున మళ్లీ అదే దిగులు, అదే అప్పు, బిడ్డ గురించి అదే బెంగ. "మళ్లీ మొదటికొచ్చాను" అంటున్నావు. నిజంగా మొదటికే వచ్చావా? ఆ అంచు ముడుచుకునే నిమిషంలో మాత్రమే చూస్తే, కణం వెనక్కి పోతోందనే అనుకుంటాం కదా!

పరలోకంలో ఉన్న నీ తండ్రి ఒక్క నిమిషం చూసి వెళ్లిపోయేవాడు కాదు. నా వేలి చివర కణాన్ని ఎరిగినవాడు, రాత్రి రెండింటికి నిద్రపట్టక దిండు తిప్పుకుంటున్న నిన్ను ఎరగడా?

ఈ రోజు నువ్వు ఏ పట్టు వదలాలి? రాత్రంతా మనసులో తిప్పుకున్న ఆ లెక్కనా? పొద్దు గూకేదాకా దాన్ని ఆయన చేతిలో పెట్టగలవా?

అరగంట ప్రార్థన కుదరకపోతే రెండు నిమిషాలు చాలు. పొయ్యి మీద టీ మరిగేలోగా అయిపోతుంది. నేనూ రేపు పొద్దున ఈ గీతను చూసుకుంటూ, నీ పేరు తలచుకుని ఆ రెండు నిమిషాలూ కూర్చుంటాను.