దుకాణం బోర్డు, వీధి హక్కు

దుకాణం బోర్డుకు కొలత ఎంత అన్న ప్రశ్నకు ముందు, బోర్డు ఎవరిది అన్న ప్రశ్న ఒకటుంది. రేకు, ఇనుప ఫ్రేము, రాయించిన కూలి దుకాణదారువి. అది వేలాడే జాగా, దాన్ని చూసే చూపు దారిన పోయే అందరివీ. ఆదోని, ఎమ్మిగనూరు వంటి ఊళ్లలో బోర్డుల నియమాలు సవరించాలంటే ఈ రెంటి నడుమ హద్దు ముందు తేలాలి. కింది సంవాదంలో పూర్వపక్షం ఒక దుకాణదారుది, ఉత్తరపక్షం పట్టణ ప్రణాళిక విభాగపు ఉద్యోగిది. ఇద్దరూ వాదం కోసం కల్పించినవారే.

ఆదోని మున్సిపాలిటీ 1865 నాటిది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆ ఊరు బళ్లారి జిల్లాలో ఉండేది. పత్తి అమ్మడానికి ఇప్పటికీ కన్నడ సీమ నుంచి రైతులు వస్తారు. బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ వినిపిస్తాయి. ఎమ్మిగనూరు చేనేతకు పేరుపడింది. మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం ఆ ఊరిని నిలబెట్టింది. రెండు ఊళ్లలోనూ వీధులు ఇరుకు, కొట్లు ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. ఇక్కడ బోర్డు తగాదా అందానికి సంబంధించింది కాదు, బతుకుతెరువుకు సంబంధించింది.

దుకాణదారు మొదటి మాట ఇది: “నా కొట్టు, నా గోడ. నా పేరు నేను రాసుకుంటే మున్సిపాలిటీకి ఏం సంబంధం సార్? వ్యాపార ప్రకటన కూడా వాక్ స్వాతంత్ర్యంలో భాగమేనని సుప్రీంకోర్టే 1995లో టాటా ప్రెస్ కేసులో చెప్పింది కదా?”

ఉద్యోగి జవాబు: “పేరు రాసుకోవద్దని ఎవరన్నారన్నా? మీ బోర్డు రోడ్డు మీదికి మూడడుగులు పొడుచుకొస్తే పక్క కొట్టు కనబడదు. అతను నాలుగడుగులు తెస్తాడు. అప్పుడు మీరు ఐదు తెస్తారు. చివరికి ఇద్దరి ఖర్చూ పెరుగుతుంది, ఎవరి బోర్డూ ముందుకన్నా బాగా కనబడదు. ఎల్లెల్సీ కాలువ సంగతి మీకు తెలియనిదా? పైన వాళ్లు తూములు పెద్దవి చేసుకుంటే ఆయకట్టు చివర నీళ్లు అందవు.”

ఎల్లెల్సీ, అంటే తుంగభద్ర దిగువ కాలువ కింద సేద్యం చేసేవారికి ఈ వాదం వెంటనే ఎక్కుతుంది. ఎవరి హక్కు వారిదే అయినా, పారే నీటికి వంతు లేకపోతే హక్కు మాటకే మిగులుతుంది. అయితే ఉద్యోగి మాట హద్దు ఉండాలని మాత్రమే రుజువు చేసింది. ఆ హద్దు ఎక్కడ గీయాలో చెప్పలేదు. దుకాణదారు సరిగ్గా అక్కడే పట్టుకుంటాడు: “కొలత మీ నోటిమాటేనా? ఒకరికి చూసీచూడనట్టు పోయి, ఇంకొకరికి నోటీసు ఇస్తే ఎట్లా?”

ఈ ఆక్షేపణ న్యాయమైనది. నియమం టేపు పెట్టి కొలవగలిగేదిగా ఉండాలి. హైదరాబాదు కోసం తెలంగాణ ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తర్వు, నేల నుంచి 15 అడుగులు దాటిన ఎత్తులో ప్రకటనలు వద్దంది. దుకాణం పేరు బోర్డును ముఖభాగంలో 15 శాతానికి పరిమితం చేసింది. బ్రెజిల్‌లోని సావో పాలో నగరం 2006లో చేసిన చట్టం వేరే దారి పట్టింది: ముఖభాగం వెడల్పు 10 మీటర్ల లోపుంటే, కొట్టు ఎంత చిన్నదైనా, ఒకటిన్నర చదరపు మీటర్ల బోర్డు పెట్టుకోవచ్చు.

తేడా లెక్కలో తెలుస్తుంది. ఆరడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న చిన్న కొట్టుకు 15 శాతం లెక్కన దక్కేది 9 చదరపు అడుగులు. సావో పాలో లెక్కన సుమారు 16. శాతం పద్ధతి పెద్ద షోరూముకు పెద్ద బోర్డు, పేద కొట్టుకు చిన్న బోర్డు ఇస్తుంది. నిజానికి బోర్డు అవసరం ఎక్కువ ఉన్నది రెండోదానికే. ఆదోని బజారుకు సరిపడేది రెండూ కలిసిన నియమం: ప్రతి కొట్టుకూ ఒక కనీస కొలత, ఆపైన వెడల్పును బట్టి పెంపు, గోడ దాటి రోడ్డు మీదికి ఎంత రావచ్చో అందరికీ ఒకటే గీత.

తరువాతి చిక్కు పేరుకూ ప్రకటనకూ ఉన్న తేడా. కిరాణా కొట్టు బోర్డు ఒకదాన్ని దగ్గరగా చూస్తే విషయం తెలుస్తుంది. పది అడుగుల బోర్డులో ముప్పాతిక భాగం కూల్‌డ్రింకు సీసా బొమ్మ, కంపెనీ రంగు. కొట్టు పేరు కింది అంచున, జానెడు పట్టీలో ఉంటుంది. బోర్డు కంపెనీ ఉచితంగా ఇచ్చింది కాబట్టి దుకాణదారు కాదనలేదు. అది పేరా, ప్రకటనా? ఉద్యోగి ప్రకటన అంటాడు. “అయితే ఫీజు నేనెందుకు కట్టాలి? సీసా నాది కాదు కదా!” అంటాడు దుకాణదారు. ఇక్కడ దుకాణదారుదే సరైన మాట. కొలత లోపలున్న సొంత పేరుకు అనుమతి, రుసుము రెండూ అక్కర్లేదు. కంపెనీ ఆక్రమించిన భాగానికి రుసుము కంపెనీయే కట్టాలి.

పన్ను అనకుండా రుసుము అనడానికి కారణముంది. జీఎస్టీ కోసం చేసిన 101వ రాజ్యాంగ సవరణ, ప్రకటనల మీద పన్ను వేసే అధికారాన్ని రాష్ట్ర జాబితా నుంచి తొలగించింది. ఆ జాబితాలో 55వ అంశం ఇప్పుడు లేదు. రుసుము వసూలు చేస్తే దానికి తగిన పని మున్సిపాలిటీ చేసి చూపాలి. అన్నిటికన్నా ముఖ్యమైన పని భద్రత తనిఖీ. 2024 మే 13న ముంబైలోని ఘాట్‌కోపర్‌లో గాలివానకు హోర్డింగు కూలి 17 మంది చనిపోయారు. అనుమతించే కొలత 40 అడుగులు కాగా, అక్కడ నిలబెట్టింది 120 అడుగులది. మేడ మీది హోర్డింగుకు ఇంజనీరు ధ్రువపత్రం, ఏటా తనిఖీ తప్పనిసరి కావాలి. గోడకు కొట్టిన రేకు బోర్డును అదే గాటన కట్టకూడదు.

భాష సంగతిలో కొత్త నియమం అవసరం తక్కువ. దుకాణాలు, సంస్థల చట్టం కింద 1990లో వచ్చిన నియమాల ప్రకారం బోర్డు మీద తెలుగు ఉండాలి, ఇతర భాషలు దాని కిందే రావాలి. “మా ఖాతాదార్లలో సగం మంది కన్నడం వాళ్లు” అన్న దుకాణదారుకు ఆ నియమం అడ్డు కాదు. ఇంకో భాష చేర్చవద్దని అది అనదు. మందుల కొట్టు ఏదో తెలుసుకోవడానికి తెలుగు మాత్రమే చదవగల పల్లెటూరి మనిషికి చోటు ఉంచమంటుంది.

మిగిలింది అమలు. మున్సిపాలిటీల అధికారం 1965 నాటి రాష్ట్ర మున్సిపాలిటీల చట్టం నుంచి వస్తుంది కాబట్టి మార్పు రాష్ట్రం స్థాయిలోనే మొదలవ్వాలి. కొలతల అంకెలు మాత్రం ఆ ఊరి కౌన్సిల్‌కు వదలాలి. ముసాయిదాను తెలుగులో అంటించి, వర్తకుల అభ్యంతరాలు విని, ఆ తరువాతే తీర్మానం చేయాలి. గడువు విషయంలో ఫ్లెక్సీల అనుభవం ఉంది: 2022 ఆగస్టులో నిషేధం ప్రకటించి, నవంబరు 1 నుంచి అమలన్నారు, తరువాత 2023 జనవరి 26కు జరిపారు. అచ్చు యంత్రాలకు అప్పులు చేసినవారికి మొదట ఇచ్చిన ఆ రెండు నెలలు చాలవు. బోర్డులకైతే గడువును వస్తువును బట్టి పెట్టవచ్చు: ఎండకు త్వరగా వెలిసే ఫ్లెక్సీని మార్చేటప్పుడే కొత్త కొలతకు తేవాలి, ఎనామిల్‌తో రాయించిన రేకుకు కొన్నేళ్లు ఇవ్వాలి, రోడ్డు మీదికి పొడుచుకొచ్చిన ఇనుప ఫ్రేమును వెంటనే తీయించాలి.